నాయన పడిన తీరు

ఆదివారం ఉదయం పదకొండు గంటల నలభై మూడు నిమిషాలకు మా నాయన తెర మీద కిందపడ్డాడు. ఆ నిమిషం ఇంత కచ్చితంగా గుర్తుండడం నా గొప్ప కాదు. ఆయన పడగానే హాలంతా నవ్వింది. ఎటు చూడాలో తెలియక నేను చేతిలో ఉన్న ఫోను వెలిగించి దానివైపు చూస్తూ కూర్చున్నాను. ఫోను మీద ఆ అంకెలు ఉన్నాయి.

తిరుపతిలో నేను పనిచేసే కాలేజీ నుంచి ఇద్దరు నన్ను ఆ సినిమాకు పిలుచుకొచ్చారు. ఒకాయన చరిత్ర చెప్తాడు, ఇంకొకాయన లెక్కలు. నేను తెలుగు చెప్తాను. అది పాత రాజుల సినిమాలను ఆటపట్టించే హాస్య చిత్రం. అందులో రాజ్యమంతా కలిపి మూడు వీధులు. సైన్యంలో ఎనిమిది మంది, వాళ్ళలో ఇద్దరికి ఒకటే కత్తి. యుద్ధం ప్రకటించే రోజున భేరి మోగించేవాడు సెలవు పెట్టి అత్తగారి ఊరికి పోయి ఉంటాడు. శత్రువుల కోట ముట్టడికి వెళ్ళిన సైన్యం ఎండ ఎక్కువగా ఉందని ఆ కోటలోనే భోంచేసి, చేతులు కడుక్కొని తిరిగి వస్తుంది.

ఆ సినిమా గురించి అంతకుముందు వారం స్టాఫ్ రూములో నేనొక మాట అని ఉన్నాను. పెద్దవాటిని వెక్కిరించడం సులభమని, చేతకానివాళ్ళు చేసే పని అని. పోస్టరులో హీరో కిరీటం కింద నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని నిలబడ్డాడు. ఆ పోస్టరు చూసి అన్న మాట అది. చరిత్ర ఆయన వెంటనే పట్టుకున్నాడు. "నవ్వకుండా రెండున్నర గంటలు కూర్చో సార్, సూస్తాం. టీ నేను తాపిస్తా."

ఆ సినిమాలో మా నాయన ఉన్నాడని నేను వాళ్ళకు చెప్పలేదు. ముందు చూసి, బాగుంటే చెప్దామనుకున్నాను. ఆ ఆలోచనకు అర్థం ఏమిటో ఇది రాస్తున్నప్పుడే నాకు సరిగ్గా తెలుస్తోంది.

నాయన వచ్చే దృశ్యం చిన్నది. పక్క రాజ్యం చక్రవర్తి సభకు వస్తాడు. ఆయన గుమ్మంలో నిలబడగానే పొగిడేవాళ్ళు ఆయన బిరుదులు చదవడం మొదలుపెడతారు. ఎంతకీ అయిపోవు. సభలో ఒకడు నిద్రపోతాడు. ఒకడు పంచె కొంగులోంచి చెనక్కాయలు తీసి వొలుచుకుంటాడు. రాజుగారు మంత్రిని "భోజనాల వేళ అయిందా?" అని అడుగుతాడు. చక్రవర్తి మాత్రం కదలడు. పాత వీధినాటకాల వేషం, చెక్కతో చేసిన భుజకీర్తులు, అద్దపు ముక్కలు పొదిగిన కిరీటం, పచ్చటి అర్దళం రంగు పూసిన మొహం. చివరికి "ఎన్నడూ నేల తాకనివాడు" అన్న బిరుదు చదువుతారు. చక్రవర్తి మొదటి అడుగు వేస్తాడు. నున్నటి నేల మీద కాలు జారి, ఉన్నవాడు ఉన్నట్టుగా పడతాడు. కిరీటం దొర్లుకుంటూ పోయి రాజుగారి పాదాల దగ్గర ఆగుతుంది. చక్రవర్తి నేల మీద పడుకొనే, పడనివాడి మొహంతో, సభను కలయజూస్తాడు.

అంత రంగులోనూ నేను ఆయన్ను నడక మొదలుకాకముందే గుర్తుపట్టాను. నిలబడ్డ తీరును బట్టి.

చరిత్ర ఆయన కళ్ళు తుడుచుకుంటూ నా భుజం మీద చరిచాడు. "ఎవురు సార్ ఈ ముసిలాయన? బలే పడినాడే! యాడ పట్టుకొచ్చినారో!"

"ఏమో" అన్నాను.

మా ఊరు చిత్తూరు జిల్లాలో, ఐరాల దగ్గర. మా వైపు ఊళ్ళలో ఎండాకాలం ద్రౌపదమ్మ గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ చెప్తారు, రాత్రి నాటకం ఆడతారు. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. గుడి ముందు మైదానంలో దుర్యోధనుడు వెల్లకిలా పడుకున్నట్టు మట్టితో పెద్ద బొమ్మ చేస్తారు. ఇద్దరు మనుషులు దాని పాదం మీదికెక్కి నిలబడవచ్చు. భీముడి వేషగాడు, దుర్యోధనుడి వేషగాడు గదలు పట్టుకొని ఆ బొమ్మ చుట్టూ, దాని మీదుగా తరుముకుంటారు. చివరికి భీముడు తొడ మీద కొడతాడు, దుర్యోధనుడు పడతాడు. మా నాయన ముప్పై ఏళ్ళకు పైగా ఆ దుర్యోధనుడు. మిగతా ఏడాదంతా వేరుశనగ పండించే రైతు.

ఆ వేషానికి మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. వేషం వేసేవాడు వధకు మూడు రోజుల ముందు చేతికి పసుపు కంకణం కట్టుకుంటాడు, ఒంటిపూట తింటాడు. పడిన తరువాత ఆయన చనిపోయినవాడి కింద లెక్క. లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచి పోవాలి. దారిలో ఎవరూ పలకరించరు. ఇంట్లోవాళ్ళు కూడా మొహం చూడరు. మా అమ్మ వేడినీళ్ళు తోడిపెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆయన తలకు పోసుకొని, కంకణం విప్పి, అరుగు మీదికి వచ్చి తానే మొదట నోరు తెరవాలి. అప్పటివరకూ ఇల్లు మౌనంగా ఉండేది.

నాకు ఏడేళ్ళప్పుడు అనుకుంటాను, ఆయన అలా అరుగు మీద కూర్చొని తల తుడుచుకుంటూ ఉంటే ఊళ్ళోవాళ్ళు చుట్టూ చేరి పొగుడుతున్నారు. నిజంగా దుర్యోధనుడే పడినట్టుందని ఒకరు, ఒళ్ళు గగుర్పొడిచిందని ఒకరు. నేను పోయి, "చేయి ముందర పెట్టేసినావు నాయనా" అన్నాను. అమ్మ లోపల్నుంచి నన్ను తిట్టింది. నాయన తువ్వాలు పక్కన పెట్టి నావైపు చూశాడు.

"ఏ చేయిరా?"

"ఎడమ చేయి."

"ఎంత ముందర?"

నేను నా అరచేయి చూపించాను. ఆయన అందరి వైపూ తిరిగి, "ఇంతమంది కండ్లు పెట్టుకోని ఏం జేస్తా ఉండారప్పా? వీడొక్కడు సూసినాడు" అన్నాడు.

మరుసటి ఏడాది నుంచి అది మా ఇద్దరి మధ్య వాడుకైంది. నీళ్ళు పోసుకొని వచ్చి, అరుగు మీద కూర్చొని, ఆయన నోరు తెరిచి అనే మొదటి మాట నాతోనే. "ఎట్ల పడితిని రా?" నేను చూసింది చూసినట్టు చెప్పేవాణ్ణి. మోకాలు ముందు ఆనిందని, కిరీటం తొందరగా ఊడిందని, ఈసారి బాగా పడినావని. చదువుకొనేటప్పుడూ, ఉద్యోగం వచ్చాకా, ఆ రోజుకు ఊరికి వెళ్ళడం మానలేదు. మా మధ్య పెద్దగా మాటలు ఉండేవి కావు. నా చదువు గురించి ఆయన అడిగేవాడు కాదు, చేను గురించి నేను అడిగేవాణ్ణి కాదు. సంవత్సరానికి ఒకసారి ఆయన అడిగేవాడు, నేను నిజం చెప్పేవాణ్ణి.

పడటం గురించి ఆయనకు తెలిసినంత నాకు మరి దేని గురించీ తెలియదు. చేయి ముందు పెట్టేది భయపడినవాడని, దుర్యోధనుడికి భయం లేదని అనేవాడు. రెండు రకాలుగా పడేవాడు. వధనాడు పడేది ఒకటి. మయసభ ఆడే రోజున, నేల అనుకొని నీళ్ళలోకి అడుగుపెట్టి పడేది ఇంకొకటి. దానికి ఊరంతా నవ్వుతుంది, నవ్వాలి. "జనం నవ్వేటప్పుడు నా మొగం మారకూడదు. నేను పడినానని నాకింకా తెలీదు, వాళ్ళకు తెలుసు. అప్పుడే నవ్వొస్తాది" అని ఒకసారి చెప్పాడు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా, సినిమా విషయంలో దీన్ని గుర్తు చేసుకోలేదు.

సినిమావాళ్ళు చిత్తూరు దగ్గర ఒక మామిడితోట పక్కన రాజసభ సెట్టు వేశారు. సభలో నిలబడడానికి సొంత వేషాలున్న నాటకాలవాళ్ళు కావాలని అడిగితే మా ఊరి బృందం వెళ్ళింది. ఆ సంగతి మొదట అమ్మ ఫోనులో చెప్పింది.

"మూడు దినాలు ఒక్కపొద్దు ఉండినాడు మీ నాయన. కంకణం గూడా కట్టుకోని పోయినాడు."

"సినిమాకు కంకణమేంది మా?"

"నన్నడిగితే? ఆయన్నే అడుగు. ఆడ బిరియానీ పెడితే తినకుండా లేసొచ్చినాడంట. మజ్జిగ తాగి పడుకున్నాడు."

నాయన్ను అడిగితే, "రాజుల సినిమా రా. నేను చక్రవర్తి" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. కొన్ని నెలల తరువాత పోస్టరు చూసినప్పుడు నాకు విషయం అర్థమైందనుకున్నాను. ముసలాయన్ను నిజమైన చరిత్ర సినిమా అని నమ్మించారు, ఆయన ఉపవాసముండి పోయి నిలబడ్డాడు, వాళ్ళు ఆయన నిష్ఠను నవ్వులాటకు వాడుకున్నారు. చదువుకున్నవాళ్ళకు ఇలాంటి కథ తొందరగా తయారవుతుంది. దానిలో నాయన అమాయకుడు, నేను తెలిసినవాణ్ణి.

సినిమా విడుదలైన రోజు నాయన ఫోను చేసి ఎప్పుడు చూస్తావని అడిగాడు. ఆదివారం పొద్దునాట అని చెప్పాను. "పొద్దునాటనేనా?" అని రెండోసారి అడిగి పెట్టేశాడు.

ఆట అయిపోయాక థియేటరు ముందు టీ బంకు దగ్గర నిలబడ్డాం. నేను ఎక్కడా నవ్వలేదు కాబట్టి పందెం గెలిచాను. చరిత్ర ఆయన టీ ఇప్పించాడు. ఇప్పించి, గ్లాసు ఒక చేత్తో పైకెత్తి పట్టుకొని, ఆ చక్రవర్తి పడినట్టు పడి చూపిస్తున్నాడు. "ఇట్ల సార్, ఇట్ల నిలబడి, గుంజ మాదిరి... మొగంలో ఏమీ లేదు సార్, అదీ గొప్ప!" లెక్కలాయన టీ ఒలికిపోతుందని గోల చేస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా చూసి నవ్వుతున్నారు. అప్పుడు నాయన ఫోను వచ్చింది.

నేను నాలుగడుగులు పక్కకు పోయాను. వాళ్ళకు వినపడనంత దూరం కాదు.

"ఏంరా, సూసినావా?"

"చూసినా నాయనా."

ఆయన వెనక బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. ఎక్కడున్నావని అడగలేదు.

"ఎట్ల..." అన్నాడు.

సినిమా ఎట్లుందని అడగబోతున్నాడనుకున్నాను. ఆ మాట పూర్తి కానివ్వలేదు. "నీది రాలేదు నాయనా" అన్నాను. "నువ్వొచ్చేది తీసేసినట్టుండారు."

బస్సుల శబ్దం వస్తూనే ఉంది.

"తీసేసినారా?"

"ఊ. నిడివి ఎక్కువైతే తీసేస్తారు. అందరివీ తీసేస్తారు."

"అట్లనా. సరేలే." "అన్నం తిన్నావా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"పోయి తినుపో. ఎండలో నిలబడొద్దు."

తిరిగి వచ్చేసరికి చరిత్ర ఆయన ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకుంటున్నాడు. ఎవరు సార్ ఫోను అన్నాడు. ఇంటినుంచి అన్నాను.

ఆయన్ను కాపాడానని ఆ రోజు అనుకున్నాను. హాలులో వందల మంది తనను చూసి నవ్వారని తెలిస్తే ఆయన తట్టుకోలేడని, ఆ సినిమా నాలుగు రోజులాడి పోతుందని, తరువాత ఎవరికీ గుర్తుండదని. కాపాడింది ఆయన్నా, నన్నా అని అప్పుడు నన్ను నేను అడగలేదు.

ఆ ఎండాకాలం ఉత్సవానికి ఊరికి వెళ్ళాను. నా అబద్ధం బయటపడుతుందని భయం ఉండింది. నాయన బస్సు దగ్గరికి ఎదురొచ్చాడు. అక్కడి టీ అంగడి ఆయన నాయన్నూ నన్నూ కలిపి చూసి, "ఏమప్పా, సినిమాలో మీ నాయన..." అని మొదలుపెట్టాడు. నాయన వెంటనే, "ఆ ముచ్చట ఇప్పుడెందుకులే. రెండు టీ పెట్టు, ఒకదాంట్లో సక్కెర తగ్గించు" అన్నాడు. తన భాగం తీసేశారన్న బాధతో ఆ మాట తప్పించాడనుకున్నాను. నాకు ఊపిరి ఆడింది.

వధనాడు పది గంటలకు ఆయన పడ్డాడు. అరవై ఎనిమిదేళ్ళు. బొమ్మ మట్టి పొట్ట మీదుగా ఎక్కి దిగడానికి ఆయాసపడ్డాడు కానీ, పడడం మాత్రం ఎప్పటిలాగే పడ్డాడు. మోకాలు ఆనలేదు, చేయి ముందుకు రాలేదు. తల నేల తాకిన తరువాతే కిరీటం ఊడింది. నేను చూసిన వాటిలో అది మంచిది. లేచి, ఎవరినీ చూడకుండా ఇంటి దారి పట్టాడు. నేను వెనకాలే దూరంగా నడిచాను. అమ్మ నీళ్ళు తోడిపెట్టి లోపలికి పోయింది. నేను అరుగు మీద కూర్చున్నాను.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఈ తూరి మామిడి నిలబడలేదు" అన్నాడు. "పూతంతా రాలిపోయింది."

అదీ ఆయన మొదటి మాట. తరువాత అమ్మను సంగటి పెట్టమన్నాడు. నేను అప్పుడైనా నా అంతట నేను చెప్పి ఉండవచ్చు, బాగా పడినావు నాయనా అని. కానీ ఎన్నడూ అడగకుండా చెప్పింది లేదు. అడుగుతాడని సాయంత్రం దాకా చూశాను. ఆయాసం వల్ల మరిచిపోయాడనుకొని తిరుపతి బస్సెక్కాను.

మళ్ళీ ఎండాకాలం రాకముందే నాయన పోయాడు. జ్వరంతో మొదలై ఊపిరితిత్తులకు చేరింది. చిత్తూరులో ఆస్పత్రిలో ఆరు రోజులు ఉన్నాడు. ఆ ఆరు రోజులూ నేను పక్కనే ఉన్నాను. నేను మాట్లాడిన మాటలన్నీ మాత్రల గురించి, నీళ్ళ గురించి, పక్క సరిచేయడం గురించి. ఒకసారి ఆయన చేతిని పట్టుకొని మంచం మీదికి జరుపుతుంటే, "పడనీలే, నాకు అలవాటే" అన్నాడు. నర్సు నవ్వింది. నేను నవ్వలేదు.

నాయన పోయిన మూడో రోజు కాలేజీ నుంచి నా సహోద్యోగులు ఇద్దరూ మా ఊరికి వచ్చారు. వసారాలో గోడకు నాయన వేషంలో ఉన్న ఫోటో ఒకటుంది. చరిత్ర ఆయన దాని ముందు నిలబడిపోయాడు. చాలాసేపటి తరువాత నా దగ్గరికి వచ్చి, "సార్... ఆ దినం నేను..." అన్నాడు.

"పరవాలేదు సార్" అన్నాను.

"ఒక మాట చెప్పి ఉంటే కాళ్ళకు దండం పెట్టుకోనుంటా కదా సార్. ఎంత బాగా పడినాడు."

ఆయన మనసులో ఉన్నది అదే అని అప్పుడు తెలిసింది. టీ బంకు దగ్గర ఆయన చేసింది వెక్కిరింపు కాదు. నచ్చిన పని ఎలా చేశారో తెలుసుకోవడానికి తానూ చేసి చూడడం. నేను దాన్ని కూడా తప్పుగా చదివాను.

పదకొండో రోజు కర్మ అయిపోయి, భోజనాలు చేసి అందరూ వెళ్ళిపోయాక, మద్దెల మామ ఒక్కడు చాప మీద మిగిలాడు. నాయన నాటకాలన్నిటికీ మద్దెల వాయించినవాడు, వరసకు నాకు మామ. సినిమాకు కూడా ఆయనతో కలిసి వెళ్ళినవాడు. వక్కాకు వేసుకుంటూ నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"ఒకటి మాత్రం నీకు పుణ్యం అల్లుడూ. ఆ సినిమా నాడు నువ్వన్న మాట."

"ఏ మాట మామా?"

"ఉండు, మొదట్నించీ చెప్తా. ఆ సెట్టులో ఒక పిల్లోడు, అసిస్టెంటంట, వచ్చి 'తాతా, బిరుదులు సదివేదాకా నువ్వు గుమ్మంలో నిలబడుకో, సాలు' అన్నాడు. మీ నాయన ఊరుకుంటాడా? 'నిలబడేదానికి నేనెందుకప్పా, ఈడ ఒక గుంజ నాటుకోండి' అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. డైరెక్టరు లేసొచ్చి ఏంది పెద్దాయనా అన్నాడు. 'ఇంతసేపు పొగిడినాక వాడు పడకపోతే జనానికి ఏం మిగుల్తాది సార్? నేను పడతా, సూడు' అని పడి సూపించినాడు. ఆ నేల తాకనివాడు అనే బిరుదు గూడా మీ నాయన చెప్పి పెట్టించిందే. తొమ్మిది తూర్లు పడినాడు అల్లుడూ. మోకాలు ఇంత లావు వాసింది. సాలు బావా అంటే, 'మా అబ్బోడు సూస్తాడు, ఊరికే ఉండు' అంటాడు."

"అది నవ్వులాట సినిమా అని ఆయనకు తెలుసా మామా?"

మామ నమలడం ఆపి నన్ను చూశాడు. "తెలీకేం? కిరీటం కింద నల్లద్దాలు పెట్టుకోనుండే రాజును సూస్తే ఎవునికి తెలీదు? మీ నాయనంటే ఏమనుకున్నావు నువ్వు?"

"మరి కంకణం?"

"పడేదుంటే కంకణం కట్టుకుంటాడు కదా. ఏడిపించేదానికైతే ఒకటి, నవ్వించేదానికైతే ఇంకొకటి అని ఉంటాదా?"

తరువాత ఆ ఆదివారం సంగతి చెప్పాడు. నేను పొద్దునాటకు పోతానని తెలిసి నాయన కూడా అదే రోజు, అదే ఆటకు, చిత్తూరులో పోదామన్నాడట. "ఇద్దరం ఒకే టయానికి సూసినట్టుంటాదంట. ఆయన సోకు సూడు. ఆయన పడినప్పుడు హాలు ఎగిరిపోయింది అల్లుడూ. మా ముందర సీటులో ఒక పసిబిడ్డ, మళ్ళా పడమను, మళ్ళా పడమను అని ఒకటే ఏడుపు. మీ నాయన మాత్రం నవ్వలా. నా తొడ గిల్లి, 'ఎడమ చేయి ముందర పడింది బావా. ఈళ్ళకెవురికీ తెలీదు. అబ్బోడు పట్టేస్తాడు సూడు' అన్నాడు. ఆట ఇడిసినాక బస్టాండులో ఎండలో నిలబడి నీకు ఫోన్ చేసినాడు. నేను అవతల చెనక్కాయలు కొంటా ఉండా. తిరిగొచ్చి, ఏమన్నాడు నీ కొడుకు అంటే..."

మామ నోట్లోని వక్కాకు ఉమ్మి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"'బాగా పడినానంట బావా' అన్నాడు. 'చేయి సంగతి పట్టేసినాడు. అయినా వానికి నవ్వొచ్చిందంట' అన్నాడు. బస్సులో వచ్చేటప్పుడు గూడా అదే. వానికి నవ్వొచ్చిందంట, వానికి నవ్వొచ్చిందంట. ఆ ముక్క నాకు ఎన్ని తూర్లు చెప్పినాడో లెక్క లేదు. ఊళ్ళో ఎవురన్నా సినిమా మాట ఎత్తితే, మావాడు సూసి బాగుందన్నాడు, ఇంగ మీరు చెప్పేదేముందప్పా అని నోరు మూయించేవాడు. పంతులు నోటి మాట కదా. అంత సంతోషపడినాడు మీ నాయన."

మామ నా మోకాలి మీద చేయి వేశాడు. నేను ఊ అన్నాను.

ఆయనకు నిజం చెప్పలేదు. చెబితే ఆయన దగ్గర ఉన్న నాయన మాట కూడా పోతుంది. అది నాయన నా కోసం చెప్పిన అబద్ధం. నా తరఫున నేను చెప్పవలసిన మాటలు ఆయనే చెప్పుకున్నాడు. టీ అంగడి దగ్గర ఆయన ఆ ముచ్చట ఎందుకు ఆపాడో, అరుగు మీద మామిడి పూత గురించి ఎందుకు మాట్లాడాడో, ఇక ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. నేను నిజం చెప్తానన్న నమ్మకం మీద ఆయన నన్ను అడిగేవాడు. ఆ నమ్మకం బస్టాండులో పోయింది. దాని గురించి ఆయన నాతో ఒక్క మాట అనలేదు, ఎవరితోనూ అనలేదు.

తిరుపతికి వచ్చాక ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆ సినిమా మళ్ళీ చూశాను. ఇప్పుడు అది ఫోనులో దొరుకుతుంది. బిరుదులు చదవడం మొదలైనప్పటినుంచీ నాయన్నే చూశాను. అంతసేపూ ఆయన రెప్ప వేయడు. పొగడ్త ఎంత ఎక్కువైతే ఆయన అంత నిటారుగా అవుతాడు. అడుగు వేస్తాడు, కాలు జారుతుంది. ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూశాను. ఎడమ చేయి ముందు పడింది. ఒక అరచేతి వెడల్పు. తెలియనివాళ్ళకు కనిపించదు. థియేటర్లో నేను దాన్ని చూశానో లేదో గుర్తు లేదు. హాలు నవ్వుల గోలలో తప్పిపోయి ఉంటుంది.

నాకు నవ్వు వచ్చింది. నిజానికి ఆ ఆదివారం కూడా వచ్చింది. నేను ఫోను వైపు తల దించకముందే, ఆయన నేల మీద పడుకొని సభను కలయజూసినప్పుడు గొంతుదాకా వచ్చింది, ఆపుకున్నాను. పందెం కోసం అనుకున్నాను అప్పుడు. నాయన మామకు చెప్పిన మాటల్లో ఆ ఒక్కటి అబద్ధం కాదు. అది ఆయనకు తెలిసే అవకాశం లేదు.

ఈ ఏడు ఉత్సవానికి పోయాను. దుర్యోధనుడి వేషం ఇప్పుడు పక్క వీధి అతను వేస్తున్నాడు, వయసు ముప్పై ఉంటుంది. నాయన కిరీటం, భుజకీర్తులు అతనికే ఇచ్చాం. బాగా పడ్డాడు. మోకాలు కొంచెం ముందు ఆనింది. లేచి, తల వంచుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా తన ఇంటికి పోయాడు. జనం పక్కకు తప్పుకొని దారి ఇచ్చారు. నేనూ తప్పుకున్నాను. ఆ ఇంట్లో నీళ్ళు పోసుకొని వచ్చి మొదట ఎవరితో ఏం మాట్లాడతాడో నాకు తెలియదు.

నేను మా ఇంటికి వచ్చి కాసేపు అరుగు మీద కూర్చున్నాను. అమ్మ లోపల పని చేసుకుంటోంది. పొయ్యి మీద వేడినీళ్ళు లేవు. వధ అయిపోయాక మా అరుగు మీద కూర్చొని, ఎట్ల పడితినని ఇప్పుడు ఎవరూ అడగరు.